క్రూయిజ్ క్యాబిన్ బుక్ చేసే ముందు బాత్రూమ్ గడప ఎత్తు అడగండి

క్రూయిజ్ క్యాబిన్ ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది కిటికీ ఉందా, బాల్కనీ ఉందా, మంచం ఎంత పెద్దది అని చూస్తారు. మోకాళ్లు పట్టేసేవాళ్లకీ, వాకర్ పట్టుకుని నడిచేవాళ్లకీ, వీల్‌చైర్‌లో తిరిగేవాళ్లకీ ఈ వరస తలకిందులు కావాలి. బాల్కనీ లేకపోతే పై డెక్ మీదికి వెళ్లి సముద్రం చూడొచ్చు. బాత్రూమ్ తలుపులో కుర్చీ పట్టకపోతే మాత్రం అర్ధరాత్రి రెండింటికి లిఫ్ట్ ఎక్కి పబ్లిక్ టాయిలెట్ వెతుక్కోవాలి. అందుకే ముందు బాత్రూమ్‌ని ఎంచుకోండి, దానికి ఏ క్యాబిన్ తగిలి ఉంటే అదే తీసుకోండి.

ఇంకో మాట. వికలాంగులకు అనువైనదని క్యాబిన్‌కి తగిలించే "యాక్సెసిబుల్" అన్న మాట ఒక ముద్ర, కొలత కాదు. ఆ ముద్ర ఉన్న రెండు క్యాబిన్లలో ఒకటి మీకు సుఖంగా ఉండి, రెండోది అసలు పనికిరాకపోవచ్చు. కింద చెప్పేదంతా ఆ తేడాను డబ్బు కట్టకముందే పట్టుకోవడం గురించే.

ఓడ బాత్రూమ్‌కి గడప ఎందుకు ఉంటుంది

ఇంటి బాత్రూమ్‌లాగా ఓడ బాత్రూమ్‌ని అక్కడికక్కడ కట్టరు. నేల, గోడలు, కప్పు, కమోడ్, బేసిన్, షవర్ అన్నీ బిగించిన ఒక పెట్టెను ఫ్యాక్టరీలో తయారుచేసి, షిప్‌యార్డ్‌లో క్యాబిన్ పక్కన కూర్చోబెడతారు. ఆ పెట్టె అడుగుభాగపు మందం, కింద మురుగునీటి గొట్టాలకు కావలసిన ఎత్తు, ఓడ ఊగినప్పుడు నీళ్లు గదిలోకి పొర్లకుండా ఆపే అంచు, ఈ మూడూ కలిసి గడప అవుతాయి. మామూలు క్యాబిన్లలో అది 10 నుంచి 20 సెంటీమీటర్లు (4 నుంచి 8 అంగుళాలు) ఉండటం సాధారణం. తలుపు వెడల్పు చాలాచోట్ల 50-56 సెంటీమీటర్ల (20-22 అంగుళాల) దగ్గరే ఆగిపోతుంది.

చాలామందికి వెంటనే తోచే ఉపాయం చిన్న ర్యాంప్. లెక్క వేసి చూడండి. కుర్చీ సురక్షితంగా ఎక్కాలంటే వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. 15 సెంటీమీటర్ల గడపకు 180 సెంటీమీటర్ల ర్యాంప్ కావాలి. మామూలు క్యాబిన్‌లో బాత్రూమ్ తలుపు ఎదురుగా అంత చోటు ఉండదు, అక్కడ బట్టల అలమారు ఉంటుంది. పైగా చాలా బాత్రూముల్లో లోపలి నేల గడప కంటే కిందికి ఉంటుంది, అంటే ఎక్కాక మళ్లీ దిగాలి. కాబట్టి మామూలు క్యాబిన్ తీసుకుని ర్యాంప్‌తో సర్దుకుందామన్న ఆలోచన రెండు మూడు సెంటీమీటర్ల గడపల దగ్గర మాత్రమే నిలబడుతుంది.

అడుగు 1: టేపు పట్టుకుని ముందు మిమ్మల్ని కొలుచుకోండి

క్రూయిజ్ కంపెనీకి ఫోన్ చేసేముందే ఈ అంకెలు కాగితం మీద ఉండాలి.

వీల్‌చైర్ వెడల్పును సీటు దగ్గర కొలవకూడదు, చక్రాల బయటి రిమ్ నుంచి రిమ్‌కి కొలవాలి. సీటు 45 సెంటీమీటర్లే ఉన్న మడత కుర్చీ బయట 65 దాకా వస్తుంది. రిమ్ తిప్పే చేతి వేళ్లకు ఇరువైపులా కలిపి ఇంకో 5 సెంటీమీటర్లు వదలండి, లేకపోతే తలుపు చట్రానికి కణుపులు గీరుకుపోతాయి. తర్వాత కుర్చీ పొడవు: వెనక చక్రం నుంచి కాలివేళ్ల చివరిదాకా, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టుకుని. ఫుట్‌రెస్ట్ దగ్గర ఆపితే 10 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. కుషన్ మీద మీరు కూర్చున్నప్పుడు సీటు ఎత్తు ఎంతో కూడా రాసుకోండి. కమోడ్‌కీ షవర్ సీటుకీ పోల్చాల్సింది దీన్నే.

వాకర్ వాడేవాళ్లు వెనక కాళ్ల మధ్య వెడల్పు కొలవాలి, అక్కడే అది అన్నిటికంటే విశాలంగా ఉంటుంది. చక్రాల వాకర్లు చాలావరకు 60 సెంటీమీటర్లు దాటతాయి, అంటే మామూలు బాత్రూమ్ తలుపులో నిటారుగా పట్టవు. పక్కకు తిప్పి నడవడం అలవాటైనవాళ్లు కూడా గడప దాటుతూ ఆ పని చేయడం ప్రమాదం.

నడిచేవాళ్లు ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. పట్టుకోవడానికి ఏమీ లేకుండా ఎంత ఎత్తు మెట్టు ఎక్కగలరు? పుస్తకాలు పేర్చి 5, 10, 15 సెంటీమీటర్ల దగ్గర కాలు ఎత్తి చూడండి, పక్కన ఒకరిని నిలబెట్టుకుని. ఉదయం ఒకసారి, బాగా అలసిన సాయంత్రం ఒకసారి. సాయంత్రం వచ్చిన అంకెనే నమ్మండి. ఓడ ఊగుతుంది కాబట్టి దాన్నుంచి ఇంకో 5 తీసేయండి.

చివరగా, మీ బలమైన చేయి ఏది? పక్షవాతం వచ్చినవాళ్లకు క్యాబిన్ ఎంపికంతా ఈ ఒక్క జవాబు మీద తిరుగుతుంది.

అడుగు 2: మీకు కావలసిన రకం ఏది

కంపెనీలు పేర్లు రకరకాలుగా పెట్టుకుంటాయి గానీ, లోపల ఉండేవి స్థూలంగా మూడే రకాలు.

మొదటిది పూర్తి వీల్‌చైర్ క్యాబిన్. క్యాబిన్ తలుపు, బాత్రూమ్ తలుపు కనీసం 81 సెంటీమీటర్లు (32 అంగుళాలు). లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి 152 సెంటీమీటర్ల (60 అంగుళాల) చోటు. గడప లేని షవర్. మంచానికి రెండువైపులా కుర్చీ వెళ్తుంది.

రెండోది దాదాపు అలాంటిదే, కానీ మంచానికి ఒక్కవైపే కుర్చీ వెళ్లే దారి ఉంటుంది. బాత్రూమ్ బాగానే ఉందని తీసుకుని, తీరా చూస్తే ఆ ఒక్క వైపూ మీ బలహీనమైన వైపు కావచ్చు. ఏ వైపో ముందే అడగండి.

మూడోది కొద్దిదూరం నడవగలిగేవాళ్ల కోసం చేసిన క్యాబిన్. పట్టుకునే కడ్డీలు, కాస్త ఎత్తు కమోడ్, షవర్ సీటు ఉంటాయి. తలుపు వెడల్పు మాత్రం మామూలుగానే ఉండొచ్చు, తిరిగే చోటుకు హామీ లేదు. కర్ర పట్టుకుని నడిచే కీళ్లనొప్పులవాళ్లకు ఇది సరిపోతుంది. "లోపల నాలుగడుగులు నడుస్తారులే" అనుకుని రోజంతా కుర్చీలో ఉండేవాళ్లకు తీసుకుంటే, సముద్రం కాస్త పొంగిన రోజున ఆ నాలుగడుగులే కుదరవు.

కొందరి అవసరం పైకి కనబడదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో కొందరికి ఇరుకు తలుపు దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. వాళ్లకు తలుపు వెడల్పు కుర్చీవాళ్లకెంత ముఖ్యమో అంతే ముఖ్యం. తుంటి మార్పిడి చేయించుకుని ఎంతోకాలం కానివాళ్లు తొడ, నడుము మధ్య కోణం 90 డిగ్రీల కంటే ముడుచుకోకూడదు, కాబట్టి తక్కువ ఎత్తు కమోడ్ పనికిరాదు. మూత్రం ఆపుకోలేనివాళ్లకు మంచం నుంచి కమోడ్ దాకా ఎన్ని అడుగులన్నదే అసలు కొలత.

సూట్ (ఖరీదైన పెద్ద క్యాబిన్) తీసుకుంటే బాత్రూమ్ పెద్దది కదా అన్న ఊహ ఒకటుంది. పెద్దదే. అయితే దాంట్లో తరచూ టబ్ ఉంటుంది, షవర్ ఆ టబ్ మీదే ఉంటుంది. ఓడ ఊగుతుండగా తడికాలితో 40-50 సెంటీమీటర్ల టబ్ అంచు దాటడం చిన్న క్యాబిన్‌లోని గడప కంటే ఘోరం. ఖరీదు పెరిగితే సౌకర్యం పెరుగుతుందన్న సూత్రం ఇక్కడ పనిచేయదు.

అడుగు 3: ఓడను ఎంచుకోండి, ఆ తర్వాతే తేదీ

కొత్త పెద్ద ఓడల్లో గడపలు తక్కువ, యాక్సెసిబుల్ క్యాబిన్లు అన్ని తరగతుల్లోనూ ఉంటాయి. పాత ఓడల్లో అవి కొన్నే, అవీ కిటికీ లేని లోపలి క్యాబిన్లలోనే దొరకొచ్చు. నది క్రూయిజ్‌ల సంగతి వేరు: ఓడలు చిన్నవి, కొన్నిటిలో లిఫ్ట్ అన్ని అంతస్తులకూ వెళ్లదు, రేవులో ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తే ఇంకో ఓడ మీదుగా నడిచి ఒడ్డుకు వెళ్లాల్సి వస్తుంది. బాత్రూమ్ కుదిరినా అక్కడ మిగతావి అడ్డం వస్తాయి.

డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో, వీల్‌చైర్ గుర్తు ఉన్న క్యాబిన్ల నంబర్లు రాసుకోండి. ఒకే నమూనా మీద కట్టిన ఓడలైనా, ఒక ఓడ ఫొటో చూసి రెండో ఓడలో బుక్ చేయొద్దు. మరమ్మతులకు వెళ్లినప్పుడు ఒకదానిలో టబ్ తీసి షవర్ పెట్టి ఉంటారు, రెండోదానిలో పెట్టి ఉండరు.

క్యాబిన్ స్థానం విషయానికొస్తే, పొడవులో మధ్యన, ఎత్తులో కింది డెక్‌లు తక్కువ ఊగుతాయి. ముందుకొన, వెనకకొన లేచి పడతాయి. పై డెక్‌లు పక్కలకు ఎక్కువ ఒరుగుతాయి. షవర్‌లో నిలబడాల్సినవాళ్లకు ఈ తేడా అనుభవంలోకి వస్తుంది. లిఫ్ట్‌కు దగ్గరగా ఉండటం మంచిదే గానీ దాని ఎదురు తలుపే అక్కర్లేదు, రాత్రంతా మాటలు వినబడతాయి. మీ పైన, కింద కూడా క్యాబిన్లే ఉండేలా చూసుకోండి. వంటగది కింద పడ్డారంటే తెల్లవారుజామునే బండ్ల చప్పుడు మొదలవుతుంది.

అడుగు 4: ఫోన్‌లో అడగాల్సినవి

మామూలు బుకింగ్ కౌంటర్‌ను కాదు, కంపెనీలో ప్రత్యేక అవసరాల విభాగాన్ని అడగండి. పెద్ద కంపెనీలన్నిటికీ ఒకటి ఉంటుంది. "యాక్సెసిబులేనా?" అని అడిగితే "అవును" అంటారు, అక్కడితో సంభాషణ ముగిసిపోతుంది. ఓడ పేరు, క్యాబిన్ నంబర్ చెప్పి అంకెలు అడగండి, జవాబు మెయిల్‌లో రాసి పంపమనండి.

• బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ ఎంత? చట్రం వెడల్పు వేరు, ఈ ఖాళీ వేరు; తలుపు మందమే 3-4 సెంటీమీటర్లు తినేస్తుంది.
• గడప బయటినుంచి ఎంత ఎత్తు, లోపలినుంచి ఎంత?
• తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా, పక్కకు జరుగుతుందా?
• కమోడ్ సీటు నేలనుంచి ఎంత ఎత్తు? 43 నుంచి 48 సెంటీమీటర్లు (17-19 అంగుళాలు) యాక్సెసిబుల్ కొలత.
• కమోడ్ పక్కన కుర్చీ పెట్టే ఖాళీ ఏ వైపు, ఎంత?
• కడ్డీలు ఎక్కడెక్కడ, ఏవి కదలకుండా బిగించినవి, ఏవి మడిచేవి?
• షవర్ అంచు ఎంత ఎత్తు, సీటు గోడకు బిగించినదా, సీటు మీదనుంచి కుళాయి అందుతుందా?
• బేసిన్ కింద మోకాళ్లు దూరే ఖాళీ ఉందా? 69 సెంటీమీటర్లు (27 అంగుళాలు) ఉంటే చాలామందికి సరిపోతుంది.

తలుపు ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే, ఆ మనిషే తలుపుకు అడ్డం. బయటినుంచి తోసే వీలుండదు. బయటికి తెరుచుకునేదో, పక్కకు జరిగేదో మేలు. జరిగే తలుపు అయితే తెరిచి ఉంచినప్పుడు ఆపే కొక్కెం ఉందో లేదో అడగండి. ఓడ ఒరిగినప్పుడు దానంతటదే జారి వచ్చి వేళ్లు నలుగుతాయి.

అడుగు 5: కుడివైపా, ఎడమవైపా

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

కమోడ్ ఒక పక్క గోడకు దగ్గరగా, రెండో పక్క ఖాళీగా ఉంటుంది. గోడ వైపు గట్టి కడ్డీ ఉంటుంది, ఖాళీ వైపు మడిచే కడ్డీ ఉంటే ఉంటుంది. ఎడమ వైపు బలహీనమైన మనిషి కమోడ్ మీద కూర్చున్నప్పుడు గోడ, దాని కడ్డీ కుడిచేతి వైపు ఉండాలి. లేవాలంటే పట్టుకుని లాగాల్సింది ఆ చేతితోనే కదా. కుర్చీలోంచి పక్కకు జరిగి కమోడ్ మీదికి వెళ్లేవాళ్లకు ఖాళీ ఏ వైపు ఉందన్నది ఇంకా ముఖ్యం. బలమైన వైపుకు జరగడం తేలిక. అయితే వెళ్లినవాళ్లు తిరిగి రావాలి, రావడం బలహీనమైన వైపుకు. వెళ్లేటప్పుడు సులువైనది వచ్చేటప్పుడు కష్టమవుతుంది. ఇంట్లో ఏ వైపు అలవాటుందో అదే వైపు వెతకడం ఉత్తమం.

మరి గొడవ ఎక్కడొస్తుందంటే, ఫోన్‌లో ఉన్న ఉద్యోగి కమోడ్‌కి ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు ఊహించుకుని "కడ్డీ ఎడమవైపు" అంటారు. మీరు కూర్చున్నట్టు ఊహించుకుని వింటారు. రెండూ సరిగ్గా ఎదురుబొదురు. అందుకని ఎప్పుడూ "కమోడ్ మీద కూర్చున్న మనిషి కుడిచేతి వైపు గోడ ఉందా, ఖాళీ ఉందా?" అని పూర్తి వాక్యంగా అడగండి. వీలైతే ఫొటో పంపమనండి.

కావలసిన వైపు దొరకకపోతే నిరాశపడక్కర్లేదు. చాలా ఓడల్లో ఎడమ పక్క క్యాబిన్లు, కుడి పక్క క్యాబిన్లు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. ఒక పక్క క్యాబిన్‌లో గోడ మీ ఎడమకు ఉంటే, ఓడ అవతలి పక్క అదే రకం క్యాబిన్‌లో కుడికి ఉండొచ్చు. ఆ నంబర్ చెప్పి మళ్లీ అడగండి.

సీటు ఎత్తు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. వీల్‌చైర్ కుషన్ 50 సెంటీమీటర్ల ఎత్తుండి కమోడ్ 43 ఉంటే, దిగడం సులువు, ఎక్కడం నరకం. తేడా 3-5 సెంటీమీటర్లు దాటితే ఎత్తు పెంచే సీటు కావాలి. కమోడ్‌కి మర బిగించి తగిలించే సీట్లు ఓడల్లో ఉండే వాక్యూమ్ కమోడ్‌ల (గాలితో పీల్చేసే రకం) ఆకారానికి ఒక్కోసారి సరిగా బిగియవు, కూర్చున్నాక జరుగుతాయి. నాలుగు కాళ్ల మీద నిలబడి కమోడ్ మీదుగా వచ్చే ఫ్రేము నమ్మకమైనది. దాని వెనక కడ్డీ గోడకున్న ఫ్లష్ బటన్‌కి అడ్డం రాకుండా చూసుకోండి.

అడుగు 6: షవర్

కుర్చీతో నేరుగా వెళ్లే షవర్ అయితే 76 బై 152 సెంటీమీటర్లు (30 బై 60 అంగుళాలు) కనీస కొలత. పక్కకు జరిగి సీటు మీద కూర్చునే రకం 91 బై 91 (36 బై 36 అంగుళాలు). మామూలు క్యాబిన్ షవర్ దీనికంటే చాలా ఇరుకు. తెర ఒంటికి అతుక్కుంటూ ఉంటుంది, స్టూలు వేస్తే కాళ్లు పెట్టుకునే చోటుండదు.

సీటు ఎత్తు 43-48 సెంటీమీటర్లు ఉండాలి. సీటు ఉన్నా ప్రయోజనం లేని అమరిక ఒకటుంది: సీటు ఒక గోడకు, కుళాయి, చేతి షవర్ ఎదుటి గోడకు. కూర్చున్నవాళ్లకు అందదు, లేచి తిప్పితే ముందు చన్నీళ్లు మీద పడతాయి. కుళాయి సీటుకు ఆనుకున్న గోడ మీద, చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. చేతి షవర్ గొట్టం 150 సెంటీమీటర్లు ఉంటే వీపు దాకా వస్తుంది. కొక్కెం నిలబడ్డవాళ్లకు తగ్గట్టు పైనే ఉంటే, మొదటిరోజే క్యాబిన్ సిబ్బందితో కిందికి దింపించుకోండి.

గడప లేని షవర్‌కి ఒక సహజమైన లోపం ఉంది. అంచు లేదు కాబట్టి నీళ్లను ఆపేది నేల వాలు మాత్రమే. ఓడ ఒక పక్కకు కొద్దిగా ఒరిగి గంటలకొద్దీ అలాగే వెళ్తే, ఆ వాలు పనిచేయక నీళ్లు కమోడ్ కిందికి, కొన్నిసార్లు గది కార్పెట్ దాకా వస్తాయి. దీనికి కంపెనీని తిట్టి లాభం లేదు. రెండు అదనపు తువ్వాళ్లు అడిగి, పొడవుగా చుట్టి బాత్రూమ్ తలుపు దగ్గర అడ్డంగా వేయండి. అయితే కుర్చీ దాటేటప్పుడు అవే చక్రాలకు అడ్డం, నడిచేవాళ్లకు అవే జారుడు. స్నానం అయిన వెంటనే తీసేయాలి. తెర కింది అంచు నేలను తాకుతోందో లేదో కూడా చూడండి, పొట్టి తెర అయితే మార్పించండి.

కడ్డీలు నేలనుంచి 84-91 సెంటీమీటర్ల (33-36 అంగుళాల) ఎత్తులో ఉండాలి. వాటి బిగింపు కనీసం 113 కిలోల (250 పౌండ్ల) బలాన్ని తట్టుకోవాలన్నది అమెరికా ప్రమాణం. తువ్వాలు వేసే కడ్డీ అచ్చం అలాగే కనిపిస్తుంది, కానీ మనిషి బరువు పడితే మరలతో సహా ఊడి వస్తుంది. పీల్చుకుని అతుక్కునే ప్లాస్టిక్ పట్లు కొందరు వెంట తీసుకెళ్తారు. నున్నటి గోడమీద సమతూకం కోసం చేయి ఆనించడానికి సరే. పడిపోతూ పట్టుకుంటే మాత్రం మీతోపాటు అదీ కిందికే, ఎందుకంటే తేమకూ ఓడ అదురుకూ గంటల్లోనే పట్టు సడలుతుంది.

వేడినీటి కుళాయి మీద 38 అని అంకె, పక్కన చిన్న బటన్ ఉంటే అది ఉష్ణోగ్రతను పట్టి ఉంచే కుళాయి. ఆ బటన్ నొక్కితే తప్ప నీళ్లు అంతకంటే వేడెక్కవు. కాళ్లలో స్పర్శ తగ్గిన మధుమేహులకూ వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకూ ఇది లేని షవర్‌లో నీళ్లను ముందు ముంజేతి మీద చూసుకోవడం తప్పనిసరి.

అడుగు 7: బుకింగ్‌లో మూడు ఉచ్చులు

గ్యారంటీ క్యాబిన్ అనేది మొదటిది. ధర తక్కువ, క్యాబిన్ నంబర్ మాత్రం కంపెనీ తర్వాత నిర్ణయిస్తుంది. బాత్రూమ్ కోసం బుక్ చేసేవాళ్లకు ఇది నిషిద్ధం. నంబర్ ఖరారైన బుకింగే చేయండి.

రెండోది ఉచిత అప్‌గ్రేడ్. కష్టపడి ఎంచుకున్న క్యాబిన్ నుంచి "మంచి" క్యాబిన్‌కి మార్చామని సంతోషంగా మెయిల్ వస్తుంది, అక్కడ టబ్ ఉంటుంది. బుకింగ్ మీద అప్‌గ్రేడ్ వద్దని రాయించండి.

మూడోది ఆలస్యం. యాక్సెసిబుల్ క్యాబిన్లు ఓడకు కొద్దే కాబట్టి సెలవుల సీజన్ ప్రయాణాలకు ఏడాది ముందే అయిపోతాయి. ఖాళీ లేదంటే వెయిటింగ్ జాబితాలో పేరు వేయించుకుని, చివరి చెల్లింపు గడువు తేదీ దాటిన మర్నాడు మళ్లీ అడగండి. రద్దులు ఎక్కువగా ఆ గడువు దగ్గరే పడతాయి. అవసరం లేకున్నా విశాలంగా ఉందని ఈ క్యాబిన్లు తీసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఒక గది తీసుకోవడంతో ఆగదు, ఒక మనిషి ప్రయాణమే ఆగిపోతుంది.

చట్టం కొంత తోడుంటుంది. అమెరికా వికలాంగుల హక్కుల చట్టం విదేశీ జెండా ఉన్న క్రూయిజ్ ఓడలకూ ఆ దేశ జలాల్లో వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2005లో తేల్చింది. 2010లో వచ్చిన అక్కడి రవాణా శాఖ నిబంధనల ప్రకారం, ఒక తరగతిలో మిగతా క్యాబిన్లన్నీ అమ్ముడయ్యేదాకా యాక్సెసిబుల్ క్యాబిన్లను అవసరమైనవాళ్ల కోసమే ఉంచాలి. అది మీకు అవసరమని రాతపూర్వకంగా చెప్పమని కంపెనీ అడగొచ్చు. ఐరోపా సమాఖ్య రేవుల్లో ఎక్కేవాళ్లకు 2012 డిసెంబర్ నుంచి వేరే నిబంధన అమల్లో ఉంది: క్యాబిన్‌కు సంబంధించిన ప్రత్యేక అవసరాలు బుకింగ్ సమయంలోనే చెప్పాలి, ఎక్కించే, దించే సాయం కావాలంటే కనీసం 48 గంటల ముందు తెలపాలి.

షవర్ స్టూలు, ఎత్తు పెంచే ఫ్రేము, మంచం పక్క కమోడ్ కుర్చీ లాంటివి చాలా కంపెనీలు అడిగితే ఇస్తాయి, కానీ ఓడలో ఉండేవి పరిమితం. అభ్యర్థన ఫారంలో రాసి, రాసినట్టు జవాబు తెప్పించుకోండి. పెద్ద రేవుల్లో ఇలాంటి పరికరాలను అద్దెకు తెచ్చి నేరుగా క్యాబిన్‌లో పెట్టే సంస్థలూ ఉన్నాయి. మనిషిని మంచం మీదనుంచి ఎత్తే లిఫ్టింగ్ యంత్రం వాడేవాళ్లు మంచం కింద దాని కాళ్లు దూరే ఖాళీ ఉందో లేదో అడగాలి. 12-13 సెంటీమీటర్లు లేకపోతే యంత్రం తెచ్చినా వాడలేరు. నడవలేనివాళ్లు కూర్చుని తిరిగే ఎలక్ట్రిక్ స్కూటర్‌ను క్యాబిన్ లోపలే పెట్టి చార్జ్ చేయాలి, నడవాలో ఉంచనివ్వరు. కాబట్టి రాత్రిపూట స్కూటర్ ఉండగా బాత్రూమ్‌కి దారి మిగులుతుందా అన్నది కూడా లెక్కలో వేయండి.

అడుగు 8: ఎక్కిన మొదటి గంట

బఫే సంగతి తర్వాత చూడొచ్చు. ముందు క్యాబిన్‌కి వెళ్లి టేపు తీయండి. తలుపు, గడప, కమోడ్ ఎత్తు మెయిల్‌లో చెప్పినట్టే ఉన్నాయా చూడండి. కడ్డీ ఒక్కొక్కదాన్ని రెండు చేతులతో గట్టిగా ఊపండి. షవర్ మూడు నిమిషాలు వదిలి నీళ్లు ఎటు పోతున్నాయో గమనించండి. సాయం కోసం లాగే తాడు నేలమీద పడిపోయిన మనిషికి అందేంత కిందికి ఉందా? అందంగా ఉండాలని పైకి కట్టేసి ఉంటే విప్పండి. లాగి, ఎవరు పలుకుతారో కూడా చూడండి.

తేడా ఉంటే ఓడ రేవు వదలకముందే గెస్ట్ సర్వీసెస్‌కి చెప్పాలి. రాని ప్రయాణికుల క్యాబిన్లు ఖాళీగా ఉంటే అప్పుడే తెలుస్తాయి. మర్నాటికి అవీ నిండిపోతాయి.

రెండు ఒంటి మంచాలను కలిపి ఒకటిగా వేసి ఉంటే, విడదీయమని అడిగితే బాత్రూమ్ వైపు దారి వెడల్పవుతుంది. కుర్చీకి 91 సెంటీమీటర్ల దారి కావాలి. కాఫీ బల్ల బయట పెట్టించేయండి. లోపలి క్యాబిన్లలో రాత్రి కళ్లు పొడుచుకున్నా కనబడదు. ఓడ క్యాబిన్ గోడలు చాలావరకు లోహపు పలకలు, అయస్కాంతం అతుక్కుంటుంది. కదలికకు వెలిగే చిన్న బ్యాటరీ దీపాన్ని మంచం దగ్గర ఒకటి, బాత్రూమ్ తలుపు పక్కన ఒకటి అంటించండి.

ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే అత్యవసర కసరత్తు రోజున సిబ్బందికి మీ సంగతి చెప్పి, లిఫ్ట్‌లు ఆగిపోతే మెట్ల మీద మిమ్మల్ని ఎవరు, ఎలా తీసుకెళ్తారో అడిగి పెట్టుకోండి. మీ పేరు సాయం అవసరమైనవాళ్ల జాబితాలో ఉండాలి.

వాడేటప్పుడు

వాక్యూమ్ కమోడ్ చాలా తక్కువ నీళ్లతో, పెద్ద చప్పుడుతో లాగేస్తుంది. లేచాకే ఫ్లష్ నొక్కండి. తడి తుడుపు కాగితాలు, ప్యాడ్లు, డైపర్లు, చేతి తొడుగులు ఒక్కటి కూడా వేయకూడదు. సన్నటి గొట్టం మూసుకుపోతే మీ ఒక్క క్యాబినే కాదు, అదే గొట్టం మీదున్న పక్క క్యాబిన్లూ ఆగిపోతాయి. కాథెటర్ (మూత్రపు గొట్టం), ప్యాడ్లు వాడేవాళ్లు వాసన రాని సంచులు వెంట తెచ్చుకుని, మూత ఉన్న అదనపు చెత్తడబ్బా అడగాలి. ఇన్సులిన్ సూదులకు వేరే డబ్బా అడిగితే ఇస్తారు.

సముద్రం పొంగిన రోజు నిలబడి స్నానం వద్దు. కూర్చుని చేయండి, లేదా వాయిదా వేయండి. మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉన్నవాళ్లకు ఆ రాత్రి దాని విలువ తెలుస్తుంది. సాయం చేసే మనిషి కూడా ఒక చేతిని ఎప్పుడూ కడ్డీ మీదే ఉంచాలి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుంటే ఇద్దరూ పడతారు.

దిగే ముందురోజు రాత్రి పెద్ద సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు, సిబ్బంది వచ్చి తీసుకెళ్తారు, అవి మళ్లీ ఒడ్డు మీదే కనబడతాయి. మీ షవర్ స్టూలు, సీటు ఫ్రేము, రాత్రి దీపాలు వాటిలో సర్దేయకండి. అవి ఉదయం స్నానం అయ్యాక చేతి సామానుతో దిగాలి. అద్దెకు తెచ్చినవైతే క్యాబిన్‌లోనే వదిలేయాలో, రేవులో అప్పగించాలో ఆ రాత్రే రసీదు తీసి చూసుకోండి.